ఉంగరం గుర్తు సకినం

కొత్తరేగుంటలో చంద్రవ్వకు ఎవరైనా తినడానికి ఏమైనా పెడితే ఆమె వెంటనే చేయి చాచదు. "మొదలు నువ్వు తిను" అంటుంది. పెట్టినవాళ్లు నవ్వుకుంటూనో విసుక్కుంటూనో ఒక ముక్క నోట్లో వేసుకోవాలి, నమలాలి, మింగాలి. ఆ తర్వాత కూడా వాళ్ల ముఖంలోకి ఒక నిమిషం చూసి, మనిషి నిలబడే ఉందని రూఢి చేసుకుని, అప్పుడు తాను తీసుకుంటుంది. పెండ్లి లడ్డూ అయినా అంతే, గుడి ప్రసాదమైనా అంతే. ఒకసారి పూజారితోనే ఆ మాట అంది. ఆయన పాపం పులిహోర ఒక ముద్ద తిని చూపించాడు.

ఊరు ఆమెకు అనుమానాల చంద్రవ్వ అని పేరు పెట్టింది. ముఖం మీద మాత్రం ఎవరూ అనరు. అంటే మరునాడు ఇంట్లో పెండ్లి కుదిరితే ఏం గతి? మంచిర్యాలకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డునున్న ఆ ఊళ్లో ఆడపిల్లకు సారె పెట్టాలంటే బుట్టల నిండా సకినాలు పోవాలి. కొత్త బియ్యం నానబెట్టి, తడిపిండి పట్టించి, నువ్వులూ వామూ కలిపి, పరిచిన గుడ్డ మీద వేళ్లతో మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు చుట్టాలి. నూనెలో వేస్తే విరగకూడదు, కొరికితే పలుకు రాకూడదు. వాడకు పది మంది ఆడవాళ్లు వచ్చి చుట్టినా, ఉప్పు చూడడానికీ, పిండి పదును చెప్పడానికీ చంద్రవ్వ ఉండాలి. దొరల ఇల్లైనా సరే, కూలివాళ్ల ఇల్లైనా సరే, ఈ పార్టీ ఆ పార్టీ అని లేకుండా ఆమె కాలు పెట్టని గడప లేదు. ఆమెకున్న ఆస్తల్లా అదే.

అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. ఆమె భర్త మల్లన్న సిరిసిల్లలో మరమగ్గం నడిపి నడిపి, ఊపిరితిత్తుల్లో దూది పేరుకుని, ముప్ఫై ఎనిమిదేళ్లకే పోయాడు. చంకలో కొడుకును పెట్టుకుని చంద్రవ్వ మొదటిసారి ఒప్పుకున్న పెద్ద పని ఊళ్లో పెద్దింటి జానకీబాయి కూతురి పెండ్లి సకినాలు. కొత్త బియ్యమని నమ్మించి ఒక షావుకారు పాత బియ్యం కలిపి ఇచ్చాడు. మూకుట్లో వేసిన సకినాలు పటపటా పేలాయి. నూనె ఎగిరి ఎడమ ముంజేయంతా కాలింది. సారె బుట్టలు సగానికే నిండాయి, మగపెండ్లివారు మూతులు ముడిచారు. ఆ రోజు నుంచి చంద్రవ్వ బియ్యం కొనాలంటే నాలుగు గింజలు నోట్లో వేసి నములుతుంది. బియ్యం మీద మొదలైన అనుమానం నువ్వుల మీదికి పాకింది, నువ్వుల నుంచి మనుషుల మీదికి పాకింది. పాకిన తీగ ఎక్కడ ఆగుతుంది?

ఇద్దరి దగ్గర మాత్రం ఆగింది. ఒకరు జానకీబాయి. అంత నష్టం జరిగినా ఆమె ఒక్క మాట అనలేదు. కాలిన చేతికి మందు రాసి, తరువాతి పండుగకు మళ్లీ చంద్రవ్వనే పిలిచింది. రెండో మనిషి కోడలు సృజన. ఆ పిల్ల ఇంటికి వచ్చిన ఆరేళ్లలో చంద్రవ్వ ఆమె వడ్డించిన కంచం ముందు ఒక్కనాడూ "మొదలు నువ్వు తిను" అనలేదు. ఈ సంగతి చంద్రవ్వ ఎవరికీ చెప్పలేదు. సృజనకు తెలుసో లేదో కూడా ఆమెకు తెలియదు.

సృజన చెన్నూరు వైపు పిల్ల. డిగ్రీ చదివింది, చదువుతూనే బీడీలు చుట్టింది. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని వంగి కూర్చుని కూర్చుని, పాతికేళ్లకే నడుము నొప్పి తెచ్చుకుంది. ఆమె మొగుడు శ్రీహరి శ్రీరాంపూర్ గనుల దగ్గర బొగ్గు టిప్పర్ నడుపుతాడు, వారానికోసారి ఇంటికి వస్తాడు. అత్త దగ్గర సకినం చుట్టడం నేర్చుకున్నాక సృజన బీడీల చాటను అటక మీద పెట్టేసింది. నేర్చుకోవడమంటే మామూలుగా కాదు. ఊరందరూ కుడివైపు తిప్పే మెలిని చంద్రవ్వ ఎడమవైపు తిప్పుతుంది. చంద్రవ్వ అత్తది ఎడమచేతివాటం, ఆ చేతిని చూసి నేర్చిన చేయి ఇది. చివరి కొసను పైకి కనబడకుండా చుట్టు కింద దాచేస్తుంది. కుప్పలో వంద సకినాలున్నా చంద్రవ్వది ఏదో ఊరు గుర్తుపడుతుంది. ఆ మెలి ఆమె తర్వాత ఒక్క సృజనకే పట్టుబడింది.

సర్పంచ్ ఎన్నికలు వచ్చాయి. నామినేషన్లయ్యాయి, పేర్ల వరుసన గుర్తులిచ్చారు. కరుణాకర్‌రావుకు ఉంగరం, మమతారాణికి కత్తెర, హనుమండ్లుకు బ్యాటు. ఆ మరునాడే సృజన పిండి ముందు కూర్చుని, వేళ్లు ఊరుకోక, గుడ్డ మీద ఒక కత్తెర చుట్టింది. రెండు గుండ్రాలు, రెండు కాళ్లు.

"అత్తమ్మా, గిది జూడు."

చంద్రవ్వ కత్తెర వంక చూడలేదు, కోడలి ముఖం వంక చూసింది. "గీ తెలివి నీకెవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పుతరు? నవ్వులాటకు చేసిన. కని అత్తమ్మా, గిట్ల మూడు గుర్తులు చేసి పాకిట్ల పెడితే ఎట్లుంటది? మూడు ఉంగరాలు, మూడు కత్తెరలు, మూడు బ్యాట్లు. ఎవలకు ఎక్కువ లేదు, ఎవలకు తక్కువ లేదు. ఊరూర్ల ఇవే గుర్తులు గదా, మంచిర్యాల బస్టాండ్ల పెడితే నవ్వుకుంట కొంటరు."

"నవ్వుకుంట కొంటరు, ఏడ్సుకుంట కొట్టుకుంటరు" అంది చంద్రవ్వ. మూడు రోజులు ఆలోచించింది. ఇందులో ఎవరి చేయి ఉందా అని ముందునుంచీ వెనకనుంచీ తిరగేసి చూసింది. ఏమీ దొరకలేదు కాబట్టి ఒప్పుకుంది. షరతు ఒక్కటే. ప్రతి పాకెట్టులో మూడూ మూడూ మూడూ ఉన్నాయో లేదో తాను లెక్కపెట్టాకే మూతి కట్టాలి.

ఆ వారమే ఇంకో పని కూడా తగిలింది. జానకీబాయి ధర్మపురి నర్సింహస్వామికి మొక్కుందనీ, వెయ్యినూట పదహారు సకినాలు కావాలనీ చెప్పి పంపింది. వాళ్లింటి ఆచారం ప్రకారం నైవేద్యపు సకినాల్లో వాము పడకూడదు. చంద్రవ్వ ఆ పని కోడలికి కూడా ఇవ్వకుండా తన చేత్తోనే చుట్టింది. బుట్టలు ఎక్కించుకున్న ఆటో ధర్మపురి దారి పట్టేదాకా వాకిట్లో నిలబడి మరీ చూసింది. చూసి చేతులు దులుపుకుంది.

గుర్తుల సకినాలు మంచిర్యాలలో బాగానే పోయాయి. ఊళ్లోనే తమాషా జరిగింది. నలుగురి ముందు ఎవరూ తినరు. హోటల్ బెంచీ మీద కూర్చుని ఒకాయన యథాలాపంగా ముందు బ్యాటు కొరికాడు. సాయంత్రానికల్లా బ్యాటు హనుమండ్లు ఆయన ఇంటికొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు, ఉంగరపువాళ్లు రాంరాం చెప్పడం మానేశారు. అప్పటి నుంచి తెలివైనవాళ్లు మూడింటినీ కలిపి ఒకేసారి నోట్లో కుక్కుకోవడం మొదలుపెట్టారు. ఒక రోజు మమతారాణి మొగుడు విరిగిన కత్తెర అరచేతిలో పెట్టుకుని వచ్చాడు.

"చంద్రక్కా, ఉంగరం ఇరగలే, బ్యాటు ఇరగలే. మా కత్తెరనే ఎందుకిరిగింది?"

"కాళ్లు పొడుగున్నయ్, ఇరిగింది. నేనేం సుత్తె పెట్టి కొట్టిన్నా?"

ఆయన నమ్మలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఉంగరమంటే మామూలు సకినమేనాయె. నీకు అలవాటైన చెయ్యి, మంచిగ వస్తది తియ్" అన్నాడు. ఆ మాట చంద్రవ్వ చెవిలో చీమలా దూరింది. నిజమే కదా, గుండ్రని సకినం ఉంగరం కాకపోతే ఏమిటి? ముప్ఫై ఏళ్లుగా తాను చుట్టిందంతా రాత్రికి రాత్రి ఒకడి గుర్తైపోయింది. ఇక ఏ గుండ్రని సకినం ఎవరింట్లో కనబడినా పేరు తనదే వస్తుంది.

వచ్చింది కూడా. ఓట్లు ఆదివారమనగా, బుధవారం పొద్దున ఊరు లేచేసరికి ప్రతి గడప మీదా ఒక పాకెట్టు ఉంది. అందులో గుండ్రని సకినాలు అయిదు, పైన కరుణాకర్‌రావు ఫోటో, ఉంగరం గుర్తుకే మీ ఓటు అని చీటీ.

చంద్రవ్వ గడప మీదా ఒకటి ఉంది. ఆమె దాన్ని వేలితో ముట్టలేదు, పుల్లతో తిప్పి చూసింది. మెలి ఎడమకు తిరిగి ఉంది. కొస చుట్టు కింద దాక్కుని ఉంది. గడప మీద ఎవరో పెట్టిపోయిన తిండి, మందో మాకో పెట్టారేమో ఎవరికెరుక, నోట్లో పెట్టుకునే ప్రశ్నే లేదు. అలాగని పారేయలేదు. సాక్ష్యం కదా. రేకు డబ్బాలో వేసి, మూత బిగించి, బట్టల పెట్టె వెనక దాచింది.

తాను చేయలేదు. ఈ మెలి వచ్చినవాళ్లు ఊళ్లో ఇద్దరే. లెక్క అంత తేలికగా తేలడమే చంద్రవ్వకు భరించరానిదిగా తోచింది. ఇక ఆమె మనసు మగ్గంలో దారం మోసే నాడెలా అటూ ఇటూ పరుగెత్తింది. కరుణాకర్‌రావు భార్య సృజన పుట్టిన ఊరిదే, ఎదురుపడితే అక్కా చెల్లే అని పిలుచుకుంటారు. ఈ మధ్య ఫోన్ మోగితే సృజన పెరట్లోకి పోయి మాట్లాడుతోంది. చంద్రవ్వ పిండి డబ్బాలో వేలితో గీసి పెట్టే గీత రెండంగుళాలు కిందికి దిగింది. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఏమీ లేదు. కలిపి చూస్తే తాడు పేనినట్టు పేనుకుంది.

జానకీబాయి ఇల్లు ఆమె తలపులోకే రాలేదు. ఎందుకు వస్తుంది? ఆటో ధర్మపురికి పోవడం కళ్లారా చూసింది. పైగా కరుణాకర్‌రావు జానకీబాయి తమ్ముడి కొడుకే అయినా, పొలం గట్టు తగాదాతో పదేళ్లుగా ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు.

పొద్దు నెత్తి మీదికి రాకముందే మమతారాణి వచ్చింది, వెంట ఎనిమిది మంది ఆడవాళ్లు. ఆమె ఆడబిడ్డ హర్షిణి పెండ్లి వచ్చే బుధవారం. శుక్రవారం వాళ్లింట్లో సకినాలు చుట్టాలి, చంద్రవ్వకు ఎప్పుడో బొట్టు పెట్టి చెప్పారు. మమతారాణి పాకెట్టును అరుగు మీద పెట్టింది.

"గిది నీ చెయ్యి గాదా చంద్రక్కా? నిజం చెప్పు. మా ఇంట్ల పెండ్లికి పిలిస్తిమి. నువ్వేమో ఊరంత ఉంగరాలు పంచవడ్తివి."

వాడంతా గుమిగూడింది. అవునంటే సగం ఊరు పోతుంది. ఉంగరపువాళ్ల మనిషని ముద్ర పడ్డాక హనుమండ్లు వాడా పిలవదు, మమతారాణి వాడా పిలవదు. యాభై ఎనిమిదేళ్లు వచ్చాక ఇంకేం పని చేసి బతుకుతుంది? చంద్రవ్వ పాకెట్టు వంక చూడకుండా అంది.

"నేను చెయ్యలే. నా కొడుకు మీద ఒట్టు. గీ మెలి ఊళ్లె ఇద్దరికే వస్తది. నేను గాదంటే ఇంక ఎవలో మీరే ఎరుక జేసుకోండ్రి. ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టడంటరు."

అందరి కళ్లూ గుమ్మం వైపు తిరిగాయి. సృజన అక్కడే నిలబడి ఉంది, మోచేతుల దాకా తడిపిండితో. ఆమె ఏడవలేదు, అరవలేదు. "అత్తమ్మా, దాన్ని కొరికి జూసినవా?" అని మాత్రం అడిగింది.

"ఎవలో పెట్టింది నేనెందుకు కొరుకుత?"

"గంతేనా" అంది సృజన. లోపలికి పోయి చేతులు కడుక్కుంది. అటక మీద నుంచి బీడీల చాట దించుతున్న చప్పుడు బయటికి వినబడింది.

మమతారాణి ముఖం కాస్త తేటబడింది. "నువ్వు శుక్రవారం రా అక్కా. నీ కోడలు మాత్రం మా గడప తొక్కొద్దు" అని చెప్పి వెళ్లిపోయింది. చంద్రవ్వ పేరు నిలబడింది. ఎవరిని తొక్కి నిలబడిందో ఆలోచించే ఓపిక ఆమెకు ఆ పూట లేకపోయింది.

ఆ మధ్యాహ్నం సృజన ఎప్పటిలాగే కంచంలో అన్నం, పప్పుచారు పెట్టి తెచ్చింది. చంద్రవ్వ కంచం వంక చూసింది, కోడలి వంక చూసింది. నోటికి అలవాటైన మాట, అనాలని కూడా అనుకోలేదు.

"మొదలు నువ్వు తిను."

సృజన వంగి, కంచంలోంచి ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది, నమిలింది, మింగింది. చంద్రవ్వ ముఖంలోకి చూసే ఆ నిమిషం కూడా ఆగకుండా వెళ్లి చాట ముందు కూర్చుంది. రెండు రోజుల పాటు ఆ ఇంట్లో తునికాకు కత్తిరించే చప్పుడు తప్ప మాట లేదు. ఫోన్ మోగితే పెరట్లోకి పోకుండా అక్కడే కూర్చుని మాట్లాడింది. "లేదన్నా, పాకిట్లు బంద్. మా అత్తమ్మ మాట్లాడితే బేరం చెడుతదని నేను చాటుకు మాట్లాడిన, ఇప్పుడు గదే తప్పయింది" అంది. అవతల ఉన్నది బస్టాండు దుకాణం మనిషని చంద్రవ్వకు అర్థమైంది. అర్థమైనా ఒప్పుకోలేదు. వినిపించడానికే అంటోందేమో అనుకుంది. పెరట్లో బర్రె తొట్టిలో విరిగిన కత్తెర సకినాలు కుప్పగా కనబడ్డాయి. విరగని కత్తెర చేయాలని పిల్ల చాటుగా తంటాలు పడిందన్నమాట. డబ్బాలో పిండి ఎందుకు తగ్గిందో తెలిసింది. అయినా ఆమె, దొంగ తెలివైనదైతే ఇట్లాగే చేస్తుంది అనుకుంది. అనుమానమనేది ఒకసారి ఇంట్లోకి వచ్చి కూర్చుంటే దానికి ఏది పెట్టినా తిని బలుస్తుంది.

శుక్రవారం పొద్దున పెండ్లివారింటికి బయలుదేరబోతూ, సాక్ష్యంగా నలుగురికీ చూపించాలని చంద్రవ్వ రేకు డబ్బా తీసింది. మూత సందులోంచి చీమల బారు. మూత తీసి చూస్తే, ఒక సకినాన్ని సగం తోడేశాయి. చంద్రవ్వ అలవాటు కొద్దీ కూర్చుని చీమలను చూసింది. ఒక్కటీ చావలేదు. బలంగా, హుషారుగా ముక్కలు మోసుకుపోతున్నాయి. చీమలు మొదలు తిన్నాయి కనుక ఇక భయం లేదు. ఆమె ఒక చుట్టు విరిచి, దులిపి, నోట్లో వేసుకుంది.

కరకరలాడింది. ఉప్పు సరిపోయింది. నువ్వులు తగిలాయి. వాము ఘాటు కోసం నాలుక ఆగి చూసింది. రాలేదు. రెండో ముక్క వేసుకుంది. రాలేదు. మూడో ముక్క నములుతుండగా దవడ ఆగిపోయింది.

వాము లేని సకినాలు ఆమె ఈ ఏడాది ఒక్కరికే చేసింది. తన చేత్తో, కోడలిని ముట్టుకోనివ్వకుండా, వెయ్యినూట పదహారు.

జానకీబాయి తులసి గద్దె దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి, మాట ఇంకా నెమ్మదే. "రా చంద్రీ" అని పిలిచి పనిమనిషితో చాయ్ తెప్పించింది. చంద్రవ్వ కింద కూర్చోలేదు.

"ధర్మపురికి పోలేదా అమ్మా, సకినాలు?"

జానకీబాయి తప్పించుకోలేదు. "సగం పోయినయ్. తొవ్వల కరుణాకర్ వాళ్ల తోట కాడ సగం దించిన్రు."

"మీకు వాళ్లకు మాటల్లేవంటిరి గదా?"

"ఓట్లొస్తే మాటలొస్తయ్ చంద్రీ. వాడొచ్చి కాళ్లు మొక్కిండు. ఎంత లేదన్నా నా తమ్ముని నెత్తురు. నీ చేతి సకినం గడప మీదికొస్తే చంద్రవ్వ గూడ వీని దిక్కే అనుకుంటరని వాని ఆశ."

"నన్ను ఒక్క మాట అడగకపోతిరి."

"అడిగితే చేస్తుంటివా?"

చంద్రవ్వకు కోపం కంటే ముందు సిగ్గేసింది. ఊరంతటినీ జల్లెడ పట్టి జల్లెడ పట్టి, ఒక్క రాయిని మాత్రం దేవుడని పక్కన పెట్టుకుంది. ఆ రాయే కాలికి తగిలింది. కాలిన చేతికి ఈమె రాసిన మందు గుర్తొచ్చింది. అదీ నిజమే, ఇదీ నిజమే, రెండూ ఒకే మనిషి చేసినవే.

"చాయ్ చల్లారుతది, తాగు" అంది జానకీబాయి.

"మొదలు మీరు తాగుండ్రి" అంది చంద్రవ్వ.

ముప్ఫై ఏళ్లలో ఆ ఇంట్లో ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి. జానకీబాయి ముఖం తెల్లబోయింది. చంద్రవ్వ గ్లాసును గద్దె మీద అలాగే వదిలేసి బయటికి నడిచింది.

పెండ్లివారింట్లో గుడ్డలు పరిచి ఉన్నాయి, గంగాళంలో పిండి కలిపి ఉంది, పదిహేను మంది ఆడవాళ్లు చేతులు కడుక్కుని కూర్చున్నారు. మొదటి సకినం ముత్తైదువ చుట్టాలి. చంద్రవ్వ భర్త పోయిన మనిషి కనుక మొదటిది ఆమె చుట్టదు, ఆరేళ్లుగా ఏ ఇంట్లోనైనా ఆమె పక్కన కూర్చుని సృజనే మొదటిది చుట్టేది. ఈసారి మమతారాణి తానే కూర్చోబోయింది.

"ఆగు బిడ్డా" అంది చంద్రవ్వ. రేకు డబ్బా మధ్యలో పెట్టింది. "గడపల మీదికొచ్చినయ్ నా కోడలు చేసినయ్ గావు. నేను చేసినయ్. మొక్కు సకినాలని చెప్పి నాతోని చేయించుకున్నరు, నేను నమ్మిన. మీరందరు నన్ను అనుమానాల చంద్రవ్వ అంటరు, నాకెరుకే. గా అనుమానం అక్కరకొచ్చే కాడ రాలే. అక్కర లేని కాడ నా ఇంట్లనే పడ్డది."

గుసగుసలు లేచాయి. మమతారాణి కళ్లు చికిలించింది. "మొన్న కోడలంటివి, ఇయ్యాల నేనంటున్నవు. కోడల్ని కాపాడనీకి అబద్ధమాడుతున్నవా అక్కా?"

నిజం చెప్పినా నమ్మరని చంద్రవ్వ అనుకోలేదు. నమ్మకపోతే మనిషి లోపల ఎలా ఉంటుందో రెండు రోజులు బీడీలు చుట్టిన పిల్లకు తెలుసు, తనకు ఇప్పుడు తెలుస్తోంది. ఆమె సకినాలు ముక్కలు చేసి, ఒక ముక్క తాను నోట్లో వేసుకుని, మిగతావి చేతికొకటి ఇచ్చింది. "తిని జూడుండ్రి. వాము తగులుతదా? నా ఇంట్ల వాము లేకుంట సకినం అయితదా ఎన్నడన్న?"

నమిలారు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. గోడకానుకుని కూర్చున్న ఒక ముసలామె, "వాము లేని నైవేద్యం పెట్టేది జానకమ్మ గారింట్లనే గదనే" అంది. చంద్రవ్వ అవుననలేదు, కాదనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది. ఊరికి దారం కొస దొరికితే చాలు, బట్ట అదే నేసుకుంటుంది. ఆదివారం జరిగిన ఓట్లలో ఎవరూ పట్టించుకోని బ్యాటు హనుమండ్లు గెలిచాడు, కానీ ఆ సంగతి మన కథకు అక్కరలేదు.

"మొదటి సకినం నా కోడలే చుట్టాలె. లేకుంటే నేను గూడ కూసోను" అంది చంద్రవ్వ. మమతారాణి తల ఊపింది. కోడలిని పిలుచుకు రావడానికి చంద్రవ్వ ఎవరినీ పంపలేదు, తానే పోయింది.

సృజన చాట ముందు వంగి ఉంది. తల ఎత్తలేదు. చంద్రవ్వ గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "తప్పు నాది బిడ్డా. జానకమ్మ మొక్కు సకినాలే అవి. పదిమందిల నీ పేరు చెప్పిన. పదిమందిల మళ్ల నా తప్పు ఒప్పుకున్న."

"కొరికి జూసినవా?"

"చూసిన. చీమలు తిన్నంక."

సృజన పెదవి ఒకవైపు కదిలింది. అది నవ్వో ఏడుపో చంద్రవ్వకు తెలియలేదు. సృజన చాటను పక్కకు జరిపి లేచింది. "పెండ్లి పని ఆగొద్దు. పా" అంది.

సృజన బొట్టు పెట్టించుకుని కూర్చుంది. మొదటి సకినం చుట్టింది. ఎడమకు మెలి, కొస కింద దాపు. మూకుట్లో నూనె కాగింది. ఎర్రగా కాలి పైకి తేలిన ఆ మొదటి సకినాన్ని చంద్రవ్వ తీసి, నూనె ఓడ్చి, కాస్త ఆరనిచ్చి, అందరి ముందూ రెండు చేతులతో కోడలికి అందించింది. "తిను బిడ్డా" అంది.

సృజన దాన్ని తీసుకుంది. నోటి దాకా తీసుకుపోలేదు. మధ్యకు విరిచి, ఒక సగం అత్త ముందు పెట్టింది.

"మొదలు నువ్వు తిను అత్తమ్మా."

చుట్టూ వేళ్లు ఆగిపోయాయి. చంద్రవ్వ ఆ సగం తీసుకుని నోట్లో వేసుకుంది. వేడికి నాలుక కాలింది. నమిలింది. మింగింది. సృజన ఆమె ముఖంలోకి చూస్తూ ఉంది, చంద్రవ్వ ఊరందరి ముఖాల్లోకి చూసినట్టే, రెప్ప వేయకుండా. ఆ ఒక్క నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో చంద్రవ్వకు ఇన్నేళ్లకు తెలిసింది. సృజన చేతిలో రెండో సగం ఇంకా అలాగే ఉంది.